సూది వేశాక గంట

తమ్ముడూ,

నీ కథ చదివాను. తల్లి చీర కొంగున ముడేసిన రిపోర్టు వివరం బాగుంది. మిగతాది చదువుతుంటే కోపం వచ్చింది.

క్యాన్సర్ జాడ వెతికే పెట్ స్కాన్ కోసం సూది వేశాక కొడుకు గంటసేపు తల్లి చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పాడని రాశావు. ఆ గంట ఆమె పక్కన మామూలుగా ఎవరినీ ఉండనివ్వరు. ఆమె ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంటుంది. పైగా అది నువ్వు రాసినట్టు రంగు మందు కాదు, ఎఫ్‌డీజీ. గ్లూకోజులో రెండో కార్బన్ దగ్గరి హైడ్రాక్సిల్ తీసేసి, రేడియేషన్ వెలువరించే ఫ్లోరిన్-18 పెట్టిన అణువు. కణం దాన్ని గ్లూకోజులాగే లోపలికి తీసుకుని ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆపైన వాడుకోలేదు, బయటికి పంపలేదు. క్యాన్సర్ కణాల్లా చక్కెర ఎక్కువ లాగే చోటల్లా అది పోగుపడి స్కాన్‌లో మెరుస్తుంది. మాట్లాడితే గొంతు కండరాల్లో, చలేస్తే మెడ దగ్గర వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వులో కూడా. అందుకే దుప్పటి కప్పి, మాట్లాడొద్దని చెప్పి పడుకోబెడతారు. పొద్దుట్నించి తిండి లేదు, ఏం తేలుతుందోనని టెన్షన్, నోరు విప్పకూడదు. కథంతా అక్కడుంటే నువ్వు కబుర్లతో నింపేశావు!

ముందురోజే మందు తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టారట. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకీ సగమైపోతుందయ్యా. 1976లో మొదటిసారి మనిషికి ఇవ్వడానికి న్యూయార్క్ దగ్గరి బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో తయారుచేసి, విమానంలో ఫిలడెల్ఫియాకు పరుగున చేర్చారు. అప్పుడు ఆ శాస్త్రవేత్తలు చూడాలనుకున్నది క్యాన్సర్ని కాదు, మెదడు పనిచేసే తీరుని.

వస్తువు ఎలా పనిచేస్తుందో తెలియకుండా దాని చుట్టూ ఉన్న బాధ రాయలేం. ఈ మాట ఎన్నేళ్లుగా చెబుతున్నానో! నా డయాలసిస్ కథలో యంత్రం గురించిన పేరాలు ఒక వారపత్రిక ఎడిటర్ కోసేశాడు. పాఠకులకి కన్నీళ్లు చాలన్నాడు. మా నాన్న ఉన్నది ఆ పేరాల్లోనే. అలాంటి ఎడిటర్ల వల్లే మన కథల్లో ఆసుపత్రులన్నీ ఒక్కలాగే ఉంటున్నాయి.

ముగింపులో స్కాన్‌లో లింఫు గ్రంథి మెరిసింది కాబట్టి జబ్బు తిరగబెట్టిందని డాక్టరు చేత తేల్చేయించావు. క్షయ సోకిన గ్రంథి కూడా అలాగే మెరుస్తుంది, మన దేశంలో అదేం అరుదు కాదు. ముక్క తీసి పరీక్షించే దాకా మామూలుగా ఏ డాక్టరూ అలా తేల్చడు. ఆ ఎదురుచూపు రోజులు రాయి.

ఏ పత్రికకి పంపాలన్న సంగతి తర్వాత. ముందు ఏదైనా న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి వెళ్లి టెక్నీషియన్‌తో మాట్లాడు. సిరంజికి ఆ బరువైన లోహపు తొడుగు ఎందుకో, ఆయన సూది వేసి వెంటనే ఎందుకు దూరం జరుగుతాడో అడిగి రాసుకో. అప్పుడు తిరగరాసి పంపు.