పెద్ద బోరు ఎయిర్ రైఫిల్ కొనే ముందు

గురి చూసి కాల్చడం సరదాగా ఉన్న మనవాళ్లు అమెరికా వచ్చిన కొత్తలో నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: పాయింట్ 45 కొనాలా, పాయింట్ 50 కొనాలా? నా దృష్టిలో ఆ అంకెను, అంటే రైఫిల్ గొట్టం లోపలి వ్యాసాన్ని అంగుళాల్లో చెప్పే బోరును, చివరగా తేల్చుకోవాలి. ఎక్కడ కాలుస్తారు, గాలి ఎలా నింపుకుంటారు అనే రెండు సంగతులు తేలితే, బోరు ఎంత ఉండాలన్నది చాలావరకు దానంతటదే తెలిసిపోతుంది.

పేలుడు పదార్థంతో గుండును తోసేదే తుపాకీ అని ఇక్కడి ఫెడరల్ చట్టం నిర్వచిస్తుంది కనుక, గాలితో పనిచేసే రైఫిల్ ఎంత పెద్దదైనా ఆ నిర్వచనంలోకి రాదు. ఈ ఒక్క మాట విని ఆర్డరు పెట్టేసేవారు రాష్ట్ర చట్టం వేరుగా ఉంటుందన్న సంగతి మరచిపోతారు. న్యూజెర్సీలో ఎయిర్ రైఫిల్‌ను కూడా తుపాకీగానే లెక్కిస్తారు, దానిని కొనడానికి ప్రత్యేక గుర్తింపు కార్డు కావాలి. అలాంటి చోట వీసా మీద ఉన్నవారు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా అడుగు ముందుకు వేయకూడదు. పెరట్లో కాల్చడాన్ని నిషేధించే నగరాలు కూడా ఉన్నాయి. ఉద్యోగరీత్యా రేపు ఇంగ్లండు వెళ్లవలసి వస్తే, అక్కడ 12 అడుగు-పౌండ్ల (ఒక పౌండు బరువును ఒక అడుగు ఎత్తడానికి పట్టే శక్తి ఒక అడుగు-పౌండు) శక్తి దాటిన ఎయిర్ రైఫిల్‌కు ఫైరార్మ్ సర్టిఫికెట్, అంటే తుపాకీ అనుమతి పత్రం, తప్పనిసరి.

ఇక గాలి విషయం. స్ప్రింగుతో పనిచేసే రైఫిళ్లు పాయింట్ 25 దాటితే పెద్దగా ప్రయోజనం ఉండదు. అంతకు మించిన బోరుకు ముందుగానే అధిక పీడనంతో గాలి నింపుకొనే పీసీపీ రకమే కావాలి. ఆ పీడనం మామూలుగా 3000 నుంచి 4500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేది 35కు అటూ ఇటూ అని గుర్తు చేసుకుంటే తేడా బోధపడుతుంది. నేను మొదట పాయింట్ 45 కొని, ఖర్చు కలిసివస్తుందని చేతిపంపు తెచ్చుకున్నాను. అరగంట సేపు చెమటోడ్చి నింపిన గాలి పట్టుమని నాలుగు గుళ్లకు సరిపోలేదు, ఆ వారాంతమంతా భుజాలు పట్టేశాయి. కనుక పెద్ద బోరు కొనేవారు కార్బన్ ఫైబర్ సిలిండరునో కంప్రెసరునో రైఫిల్ ధరలో భాగంగానే లెక్క వేసుకోవాలి. సిలిండరుకు నిర్ణీత గడువులో నీటి పీడన పరీక్ష చేయించకపోతే గాలి నింపేవారు దానిని ముట్టుకోరు. పొరపాటున కూడా ఆక్సిజన్ సిలిండరుతో రైఫిల్ నింపకూడదు, గాలి బయటికి పోకుండా ఆపే సీళ్లకు పెట్రోలియం నూనె రాయకూడదు. ఆ పీడనం దగ్గర నూనె అంటుకొని రైఫిల్ పేలిపోయే ప్రమాదం ఉంది.

శక్తిని లెక్క కట్టడం తేలిక: గుండు బరువును గ్రెయిన్లలో (గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు) తీసుకొని, వేగం వర్గంతో గుణించి, 450240తో భాగిస్తే అడుగు-పౌండ్లు వస్తాయి. ఆ లెక్కన సెకనుకు 880 అడుగుల వేగంతో వెళ్లే 34 గ్రెయిన్ల పాయింట్ 25 పెల్లెట్‌కు (నడుము సన్నగా ఉండే చిన్న గుండు) 58 వస్తే, 800 అడుగుల వేగంతో వెళ్లే 81 గ్రెయిన్ల పాయింట్ 357 పెల్లెట్‌కు 115 దాకా, 700 అడుగుల వేగంతో వెళ్లే 350 గ్రెయిన్ల పాయింట్ 50 స్లగ్గుకు (తుపాకీ తూటా ఆకారంలో ఉండే బరువైన గుండు) 380 దాకా వస్తాయి. అంత శక్తిని చిన్న రైఫిళ్ల గుళ్లను పట్టడానికి గురి వెనుక పెట్టే రేకు పెట్టె ఆపలేదు. గురి వెనుక దట్టమైన మట్టిగట్టు ఉండి తీరాలి. పైగా బరువైన స్లగ్గు నెమ్మదిగా వెళ్తుంది కనుక, 50 గజాలకు సరిచేసిన గురి 100 గజాల దగ్గర అడుగుకు పైగా కిందికి పోతుంది. దూరాన్ని కచ్చితంగా కొలిచే రేంజ్‌ఫైండర్ లేకుండా పెద్ద బోరు కొనడం, నన్నడిగితే, డబ్బు దండగ.

వేట ఉద్దేశం ఉన్నవారు బోరుకన్నా ముందు తమ రాష్ట్ర నిబంధన చదవాలి. టెక్సాస్‌లో జింక వేటకు పీసీపీ రైఫిల్, కనీసం పాయింట్ 30 బోరు, 215 అడుగు-పౌండ్ల శక్తి కావాలి. అన్ని పాయింట్ 30 రైఫిళ్లూ ఆ శక్తిని అందుకోలేవు. కాగితం మీది గురికే పరిమితమయ్యేవారికి పాయింట్ 25 చాలు. ఒకసారి నింపితే ఎక్కువ గుళ్లు వస్తాయి, గాలి పీడనాన్ని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఉన్న మోడల్ అయితే ప్రతి గుండూ ఇంచుమించు ఒకే వేగంతో వెళ్తుంది. చప్పుడు తగ్గించే మోడరేటర్ బ్యారెల్‌లో అంతర్భాగంగా ఉన్నదే ఎంచుకోండి. ఊడదీసి అసలు తుపాకీకి తగిలించగలిగేదైతే దానిని సైలెన్సర్‌గా పరిగణించి కేసు పెట్టే అవకాశం ఉంది.

ఇండియాకు వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోవచ్చా అని కూడా అడుగుతుంటారు. పాయింట్ 177 బోరు గానీ, 20 జూళ్ల శక్తి గానీ దాటిన ఎయిర్ రైఫిల్‌కు అక్కడ లైసెన్సు కావాలి. 20 జూళ్లంటే సుమారు 15 అడుగు-పౌండ్లు. అంటే పైన చెప్పిన వాటిలో అన్నిటికన్నా చిన్నది కూడా ఆ హద్దులో ఇమడదు.