అడగలేదు కాబట్టి చెప్పలేదు అనొచ్చా?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక కారు కొన్నాం. మామూలుగా తిరిగితే ఏ సమస్యా తెలియదు. ముప్పావుగంట ఆపకుండా నడిపితే మాత్రం ఇంజిన్ వేడెక్కిపోతోంది. మెకానిక్ చూసి హెడ్ గాస్కెట్ పోయిందన్నాడు. బాగు చేయించే స్తోమత ఇప్పుడు నాకు లేదు. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి, అందుకే కారు అమ్మేద్దామనుకున్నాను. ఒక కుర్రాడు వచ్చి చూశాడు, పది నిమిషాలు నడిపాడు, నచ్చిందన్నాడు. ఆదివారం డబ్బు తీసుకుని వస్తానన్నాడు. ఇంజిన్ గురించి అతను అడగలేదు, నేను చెప్పలేదు. మా బావమరిదేమో, "అడిగితే చెప్పు బావా, అడగనప్పుడు నీకెందుకు? రేడియేటర్‌లో లీకు ఆపే లిక్విడ్ పోయించు, కొన్నాళ్లు ఆగుతుంది" అంటున్నాడు. మేం కొన్నప్పుడు మాకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. నెల తిరక్కుండానే క్లచ్ పోతే ఖర్చంతా మేమే భరించాం. సంగతి తెలిసినప్పటి నుంచి మా ఆవిడ నాతో సరిగా మాట్లాడటం లేదు. నేను చేస్తున్నది నిజంగా అంత తప్పా?

జవాబు: మీ ఉత్తరంలో "పది నిమిషాలు నడిపాడు" అన్న చోట ఆగిపోయాను. లోపం బయటపడటానికి ముప్పావుగంట పడుతుందని మీకు తెలుసు, ఆ కుర్రాడికి తెలియదు. అతను నడుపుతున్నప్పుడు బహుశా మీరు పక్క సీట్లోనే కూర్చుని ఉంటారు. ఆ పది నిమిషాలూ మీ చూపు టెంపరేచర్ ముల్లు మీదకు ఎన్నిసార్లు పోయిందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ముల్లు మధ్యలోంచి కదలకుండానే బండి వెనక్కి వచ్చి ఆగినప్పుడు మీకు హాయిగా అనిపించిందా? అనిపించి ఉంటే, నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు మీకు అప్పుడే తెలిసిపోయింది.

అవును, తప్పే. మీరు చెడ్డవారని మాత్రం నేను అనుకోవడం లేదు. ఫీజు గడువు నెత్తిమీదకు వచ్చిన తండ్రి టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇలాంటి డబ్బు ఒత్తిడిలోనే, మరోసారైతే చచ్చినా చేయని పనికి ఒప్పుకుంటారు. ఆ ఒత్తిడి నిజమైనదే. కానీ దాన్ని అలాగే తీసుకెళ్లి ఆ కుర్రాడి నెత్తిన పెట్టబోతున్నారు, అతన్ని అడక్కుండా.

ఆ లోపం ఎలాంటిదో కూడా చూడాలి. హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్‌కూ మధ్య బిగించే పలుచని సీలు. అది చెడితే సిలిండర్‌లో మండే వాయువు కూలెంట్‌లోకి, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలోకి దూరుతుంది, కూలెంట్ సిలిండర్‌లోకో ఆయిల్‌లోకో దిగుతుంది. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల లేత గోధుమరంగు నురగ అంటుకుని కనిపించిందా? సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, కాస్త తియ్యటి వాసన వస్తున్నాయా? అవన్నీ దీని గుర్తులే. అలాగే నడుపుతూ పోతే వేడికి హెడ్ వంగిపోతుంది, చివరికి ఇంజిన్ మొత్తం పట్టేయొచ్చు. గాస్కెట్ మార్చే ఖర్చు వేరు, ఇంజిన్ పోతే అయ్యే ఖర్చు వేరు. మీరు చెప్తే అతను మొదటిదానితో బయటపడతాడు. చెప్పకపోతే, ఏ రాత్రో దూరప్రయాణంలో బానెట్ కింద నుంచి ఆవిరి లేచేదాకా అతనికి తెలియదు. అప్పుడు కంగారులో వేడి మీదున్న రేడియేటర్ మూత తిప్పితే మరుగుతున్న నీళ్లు ముఖం మీదకు చిమ్ముతాయి. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. మీ మనసులో ఈ విషయం "కొంచెం వేడెక్కుతుంది" అన్నంత చిన్నగా కుదురుకుపోయినట్టుంది. అది అంత చిన్నది కాదు.

"అడిగితే చెప్పు" అన్న మీ బావమరిది మాటకు వస్తాను. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఏం అడగాలో తెలియాలంటే ముందు బండి గురించి తెలిసి ఉండాలి. మొదటిసారి కారు కొనేవాడికి హెడ్ గాస్కెట్ అన్న మాటే తెలియకపోవచ్చు. అతను అడగలేదంటే అతనికి అక్కర్లేదని కాదు, మిమ్మల్ని చూసి నమ్మాడని.

ఈ వాదన చాలా పాతది. రోమన్ రచయిత సిసిరో క్రీస్తుపూర్వం 44లోనే దీని గురించి రాశాడు. అప్పట్లో ఉదాహరణ కారు కాదు, ఇల్లు. దూలాలు చెడిపోయిన సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మేటప్పుడు చెప్పాలా, అక్కర్లేదా? చెప్పకపోతే నేరం కాదని ఒక తత్వవేత్త అన్నాడు, చెప్పి తీరాలని ఇంకొకరు అన్నారు. సిసిరో రెండోవైపే నిలబడ్డాడు. ఊరికే మాట్లాడకుండా ఉండటం దాచడం కాదట. తెలుసుకోవాల్సిన మనిషికి విషయం తెలియకూడదని మన లాభం కోసం మనం కోరుకుంటే, అదీ దాచడం. మీ సంగతి సరిగ్గా అదే. గాస్కెట్ విషయం ధరను మార్చేది కాకపోతే మీరు ఈపాటికి చెప్పేసేవారు.

లిక్విడ్ పోయించడమైతే అసలు వద్దు. అప్పుడు మీరు మౌనంగా ఉన్నానని కూడా చెప్పుకోలేరు. ఆ మందు గాస్కెట్‌ను బాగుచేయదు. కొన్నాళ్లు లీకును మూస్తుంది, ఒక్కోసారి రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ హీటర్‌లోనూ పేరుకుని కొత్త తంటా తెస్తుంది. కొనేవాడే చూసుకోవాలన్న సూత్రం చాలా దేశాల చట్టాల్లో ఉంది, నిజమే. కానీ అడిగినప్పుడు అబద్ధం చెప్పడాన్నీ, లోపం కనబడకుండా పనిగట్టుకుని కప్పేయడాన్నీ ఆ చట్టాలే మోసం అంటాయి. "ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాను" అని కాగితం మీద రాసుకున్నా సాధారణంగా ఆ మోసానికి రక్షణ దొరకదు.

"మాకూ ఎవరూ చెప్పలేదు" అన్న వాక్యం మీరు మామూలుగా రాసేశారు, కానీ దాని వెనుక నొప్పి ఉంది. అసలు విషయం అక్కడే ఉందని నాకనిపిస్తోంది. కొన్న నెల్లోపే క్లచ్ పోయి మెకానిక్ ముందు నిలబడ్డ రోజు మీకెలా ఉంది? డబ్బు పోయినందుకు కొంత, ఆ అమ్మినాయన నవ్వుతూ తాళాలు చేతిలో పెట్టాడే అని ఇంకొంత. నాలుగేళ్లయినా మర్చిపోలేదు కాబట్టే నాకు రాశారు. ఆ బాకీ ఆయనది. ఈ కుర్రాడి దగ్గర వసూలు చేస్తే చెల్లిపోదు.

పాత కార్ల బజారు ఎందుకిలా ఉంటుందో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో వివరించారు. తర్వాత 2001లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అమ్మేవాడికి బండి గుట్టు తెలుసు, కొనేవాడికి తెలియదు. మంచిదేదో చెడ్డదేదో తేల్చుకోలేక కొనేవాడు ఎందుకైనా మంచిదని ధర తగ్గించే అడుగుతాడు. దాంతో మంచి బండి ఉన్నవాళ్లు ఆ రేటుకు ఇవ్వలేక తప్పుకుంటారు, చివరికి బజారులో చెడ్డ బళ్లే మిగులుతాయి. నాలుగేళ్ల క్రితం మీకు దొరికింది అలాంటి బజారే.

అలాగని బండి జాతకమంతా విప్పి పెట్టక్కర్లేదు. డోర్ మీద గీత, అరిగిన సీటు కవరు అతనికే కనిపిస్తాయి. ఎప్పుడో ఒకసారి వినిపించిన చిన్న శబ్దం గురించి ఊహించి చెప్పాల్సిన పనీ లేదు. మీకు కచ్చితంగా తెలిసి, మామూలుగా చూస్తే అతనికి తెలియనిది, అతని ప్రాణానికో జేబుకో సంబంధించినది ఉంటే అది మాత్రం చెప్పాలి.

ఎలా చెప్పాలన్నదే మీకు కష్టంగా ఉండొచ్చు. నసగకండి, పెద్ద క్షమాపణలూ వద్దు. "బాబూ, ఆ రోజు ఒక మాట చెప్పలేదు. ముప్పావుగంట దాటి నడిపితే ఇంజిన్ వేడెక్కుతోంది. హెడ్ గాస్కెట్ పోయిందని మెకానిక్ చెప్పాడు. నీకు నమ్మకమున్న మెకానిక్‌కి చూపించుకో, బాగుచేయడానికి ఎంతవుతుందో తేలాక ధర మాట్లాడుకుందాం" అనండి, చాలు. ఈలోగా మీరూ ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకుని ఉంచండి. అతను ఒప్పుకుంటే, లోపం సంగతి తెలిసే కొంటున్నట్టు అమ్మకం కాగితంలో ఒక వాక్యం రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. అది మీకూ మంచిదే. రేపు అతను గొడవకు వచ్చే వీలుండదు. వద్దనుకుంటే పాత బళ్లు కొని బాగుచేసుకుని అమ్ముకునే మెకానిక్‌లు ఉంటారు. వాళ్లు లోపం తెలిసే కొంటారు, తక్కువిస్తారు, కానీ కొంటారు.

డబ్బు తగ్గుతుంది. దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. ఎంత తగ్గుతుందో తెలిశాక కాలేజీకి వెళ్లి ఫీజు వాయిదాల్లో కట్టనిస్తారేమో అడగండి. అడగడానికి మొహమాటపడే తండ్రులను చాలామందిని చూశాను. వాళ్లలో కొందరికి అడిగిన రోజే పని అయింది.

ఇక మీ ఆవిడ. ఆవిడ మౌనాన్ని మీరు అలక అనుకుంటున్నారేమో. నాకైతే భయంలా కనిపిస్తోంది. బయటివాళ్ల దగ్గర ఇంత తేలిగ్గా దాచగలిగిన మనిషి తన దగ్గర ఏం దాస్తున్నాడోనన్న భయం. వాదించకండి, ఫీజు లెక్కలు చెప్పకండి. ఈ రాత్రి పక్కన కూర్చుని "నువ్వన్నదే నిజం, ఆ అబ్బాయికి చెప్పేస్తాను, తగ్గే డబ్బు ఎలా సర్దాలో ఇద్దరం చూద్దాం" అనండి. కుదిరితే ఆవిడ పక్కనుండగానే ఫోన్ చేయండి. మీ బావమరిదితో పోట్లాట అక్కర్లేదు, ఆయన మీ ఖర్చు గురించే ఆలోచించాడు. "చెప్పేశాను" అంటే సరిపోతుంది.

అతను ఆదివారం వస్తానన్నాడు కదా. వచ్చాక గుమ్మంలో చెబుదామని ఆగకండి. అప్పటికి ఎవరి దగ్గరో చేబదులు తీసుకుని, ఇంట్లోవాళ్లకు చెప్పేసి, ఆశగా బయల్దేరి ఉంటాడు. రేపే చేయండి.