చీనీ, నిమ్మ తొక్కలు రుద్దుకుంటే చర్మ క్యాన్సర్ రాదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 54 ఏళ్లు. నార్పల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది. పొద్దస్తమానం ఎండలోనే పని. చీనీ, నిమ్మ తొక్కలు చర్మ క్యాన్సర్‌ను ఆపుతాయని ఫోన్‌లో వీడియో చూశాను. అప్పటి నుంచి రెండూ చేతులకు, మెడకు రుద్దుకుని తోటకు పోతున్నాను. ఇప్పుడు మోచేతి కింద నీళ్లు కారినట్టు నల్లటి చారలు పడ్డాయి. క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉంది. తొక్కలు వాడొచ్చా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ రుద్దుకోవడం ఆపేయండి. మీరు రాసినదాన్ని బట్టి ఇది క్యాన్సర్‌లా అనిపించడం లేదు. రసం కారిన దారి వెంటే నలుపు తేలిందంటే, చాలావరకు అది నిమ్మరసమూ ఎండా కలిసి చేసిన పని. నిమ్మ తొక్కలో సొరాలెన్లు అనే పదార్థాలుంటాయి. అవి ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి మండుతుంది, కొందరికి బొబ్బలు లేస్తాయి, ఆ తర్వాత నల్లబడుతుంది. చీనీలో ఇవి తక్కువే. మచ్చలు వాటంతటవే పోతాయి గానీ వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తొందరపడి మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీములు పూయకండి.

వీడియోలోని మాటకు ఆధారం లేకపోలేదు. అమెరికాలోని అరిజోనా కూడా మన సీమలాగే ఎండలు మండే చోటు. అక్కడ చర్మ క్యాన్సర్‌లో ఒక రకం వచ్చినవాళ్లను, రానివాళ్లను పోల్చి చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. నారింజ జాతి పండ్ల తొక్క తినే అలవాటున్నవాళ్లలో ఆ క్యాన్సర్ తక్కువగా కనిపించింది. ఉత్త పండు, రసం తీసుకున్నవాళ్లలో ఆ తేడా లేదు. తొక్కకు వాసననిచ్చే లిమోనీన్ వల్ల కావచ్చని పరిశోధకుల ఆలోచన. గమనించండి, వాళ్లు తొక్కను తిన్నారు, మీరేమో రుద్దుకుంటున్నారు. పైగా తొక్కే కాపాడిందని ఇలాంటి పోలికతో తేల్చలేం. వాళ్ల మిగతా అలవాట్లూ కారణం కావచ్చు.

తినాలనిపిస్తే కొంచెం తినండి, తప్పులేదు. అయితే మందు కొట్టిన కాయల తొక్క వద్దు. ఏ చెట్టుకు ఎప్పుడు కొట్టారో మీకే తెలుసు. మందు కొట్టని కాయలైనా బాగా కడిగే వాడండి.

ఎండ నుంచి కాపాడేది బట్టే. నిండు చేతుల చొక్కా, మెడ కప్పేలా తలకు తువాలు చాలు. పదకొండు నుంచి మూడింటి దాకా పని నీడకు మార్చుకోండి.

మన రంగు చర్మానికి ఎండ వల్ల వచ్చే క్యాన్సర్ తక్కువే. మనవాళ్లలో చర్మ క్యాన్సర్ చాలాసార్లు పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుండ్ల మీద పుడుతుంది. పంచె గానీ లంగా నాడా గానీ బిగించి కట్టే చోట, నడుం చుట్టూ రాసుకుపోయి మానని పుండునూ తేలిగ్గా తీసుకోవద్దు. అరికాలిలో కొత్తగా నల్లమచ్చ పుట్టి పెరుగుతున్నా అంతే. నెల దాటినా మానని పుండు, ముట్టుకుంటే రక్తం వచ్చే గడ్డ ఉంటే అనంతపురం సర్వజన ఆసుపత్రిలో చర్మ విభాగం ఓపీకి వెళ్లండి. మీ చేతుల మీది చారలు గట్టిపడినా, పుండైనా ఆలస్యం చేయకుండా అక్కడే చూపించుకోండి. తొక్కలు రుద్దుకున్న సంగతి ముందే చెప్పండి.