నానీ, విల్లు రాయించే ముందు ఇది చదువు

నానీ,

మొన్న ఫోన్లో "మేమేమన్నా కోటీశ్వరులమా పెద్దమ్మా, మాకెందుకీ ఇన్‌హెరిటెన్స్ టాక్స్ గొడవ" అన్నావు చూడు, అప్పట్నించీ అదే మనసులో తిరుగుతోంది. ఇండియాలో ఇలా పోయినవాళ్ళ ఆస్తి మీద వేసే పన్ను, ఎస్టేట్ డ్యూటీ, 1985లోనే ఎత్తేశారు, అందుకే మనవాళ్ళకి పోయాక పన్నేంటి అనిపిస్తుంది, కానీ ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నాక ఆ ధీమా పనికిరాదురా.

ఇక్కడ మనిషికి 3,25,000 పౌండ్ల దాకా టాక్స్ లేదు. 2009 నించీ ఆ అంకె కదల్లేదు, ఇళ్ళ రేట్లు మాత్రం ఎక్కడికో పోయాయి. సొంతిల్లు పిల్లలకి ఇస్తే ఇంకో 1,75,000 కలుస్తుంది. మొగుడూ పెళ్ళాల్లో ఒకరు పోతే రెండోవాళ్ళకి వచ్చేదాని మీద మామూలుగా టాక్స్ ఉండదు, వాడుకోని లిమిట్ కూడా వాళ్ళకే చేరుతుంది, అంటే పిల్లలున్నారు కాబట్టి మీ ఇద్దరికీ కలిపి 10 లక్షల దాకా పర్లేదు. ఆ పైన 40 శాతం. 2027 ఏప్రిల్ నించి పెన్షన్లో మిగిలిన డబ్బు కూడా చాలావరకు లెక్కలోకొస్తుంది, అదీ చూసుకో.

నువ్వొచ్చి 12 ఏళ్ళయిందిగా, గడిచిన 20 ఏళ్ళలో 10 ఏళ్ళు ఇక్కడున్నవాళ్ళకి 2025 ఏప్రిల్ నించి ఎక్కడున్న ఆస్తయినా ఇక్కడి లెక్కలోకే వస్తుంది, తెనాలి దగ్గర మీ నాన్న నీ పేర రాసిన ఎకరన్నరతో సహా. ఈ టాక్స్ మీద ఇండియాతో 1956 నాటి ఒప్పందం ఒకటుంది, అది నీకు పనికొస్తుందా లేదా సొలిసిటర్నే, అంటే ఇక్కడి లాయర్నే అడుగు, వాట్సాప్ గ్రూపుల్లో అడక్కు. ఆ పొలానికి అక్కడ వేరే విల్లు రాయిస్తే "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అని అలవాటుగా ఒక ముక్క పెట్టేస్తారు, దాంతో ఇక్కడి విల్లు కూడా పోయే ప్రమాదం ఉంది, ముందే చెప్పి ఆపించు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మీ పెదనాన్న చివరి పదకొండు రోజులు హాస్పిస్‌లో, అదే ఇక నయం కానివాళ్ళని చివరిదాకా చూసుకునే చోట ఉన్నారు కదా, ఏమీ మింగలేకపోయేవారు కానీ చారు కావాలని అడిగితే ఫ్లాస్కులో పట్టుకెళ్ళాను, అక్కడి నర్సు చిన్న స్పాంజి పుల్ల అందులో ముంచి ఆయన పెదాలకి రాసింది, ఆయన కళ్ళు మూసుకుని చప్పరించారు. మాకు ఒక్క పౌండు బిల్లు వెయ్యలేదు. అలాంటి చోట్లు చాలావరకు జనం ఇచ్చే డబ్బుతోనే నడుస్తాయి, అందుకే నా విల్లులో వాళ్ళకి వాటా రాశాను.

లెక్క చెప్తా విను. నా ఇల్లూ సేవింగ్సూ కలిపి 8,50,000 అనుకో. నాదీ పెదనాన్నదీ లిమిట్ కలిపి 6,50,000, మాకు పిల్లల్లేరు కాబట్టి ఆ ఇంటి లిమిట్ రాదు. మిగతా 2 లక్షల మీద 80,000 టాక్స్, నీకూ చెల్లికీ 7,70,000. అదే ఆ 2 లక్షల్లో పదో వంతు, 20,000 చారిటీకి రాస్తే, దాని మీద టాక్స్ లేకపోగా మిగతా 1,80,000 మీద కూడా 40 బదులు 36 శాతమే, అంటే 64,800. మీకు 7,65,200 వస్తుంది. హాస్పిస్‌కి 20,000 అందితే మీ ఇద్దరికీ కలిపి తగ్గేది 4,800. నీకు కష్టంగా అనిపిస్తే ఇప్పుడే చెప్పు, నేను పోయాక కాదు.

నువ్వు కూడా రాయాలనుకుంటే ఇంత మొత్తం అని కాకుండా వాటాగా రాయించు, ఇవాళ్టి 5,000కి పాతికేళ్ళ తర్వాత ఏం విలువుంటుంది. చారిటీ పేరుతో పాటు రిజిస్టర్ నంబరు కూడా వెయ్యి, ఒకే పేరుతో రెండు మూడు ఉంటాయి. మనూరి స్కూలుకి ఇవ్వాలనుంటే నేరుగా రాస్తే మినహాయింపు రాదు, ఇక్కడ రిజిస్టరయ్యి అక్కడ పనిచేసే చారిటీకి రాయాలి. సాక్షులు ఇద్దరూ ఒకేసారి ఎదురుగా ఉండాలి, విల్లులో వాటా ఉన్నవాళ్ళ చేత, వాళ్ళ మొగుడూ పెళ్ళాల చేత సంతకం పెట్టించకు, విల్లు చెల్లినా వాళ్ళకి రాసింది మాత్రం పోతుంది.

నా విల్లు ఒరిజినల్ సొలిసిటర్ దగ్గరుంది, కాపీ బీరువాలో పట్టుచీరల కింద. ఒరిజినల్ చేతికొచ్చినప్పుడు జెరాక్స్ కోసమని దాని స్టేపుల్ పిన్ను మాత్రం తియ్యకు నానా, పెదనాన్న విల్లుకి నేను తీశాను, ఆ చిల్లులు చూసి దీనికింకేమన్నా కాగితం జత చేశారా అని విల్లులు పరిశీలించే ఆఫీసువాళ్ళు అడిగారు, లేదని స్టేట్‌మెంట్ రాసివ్వాల్సి వచ్చింది.

పెద్దమ్మ