బేస్‌మెంట్‌లో నాలుగు మొక్కలు

సందేహం: అన్నా, నేను ఒంటారియోలో చదువు పూర్తి చేసి, ఇప్పుడు వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. ముగ్గురం కలిసి ఒక ఇంటి బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాం. కెనడాలో గంజాయి ఇంట్లో పెంచుకోవడం లీగలే కదా. గంజాయిలో ఇండికా అనే జాతి వాటా ఎక్కువున్న రకం పొట్టిగా పెరుగుతుంది, చలికి తట్టుకుంటుంది, ఇంట్లో మొక్కలు పెంచే టెంట్‌లో పెట్టుకోవచ్చు అంటున్నాడు మా ఫ్రెండ్. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పోస్టులో తెప్పించిన విత్తనాలు వాడి దగ్గర ఉన్నాయట. తలా నాలుగు చొప్పున పన్నెండు మొక్కలు వేద్దామని అనుకుంటున్నాం. పీఆర్‌కి, అంటే శాశ్వత నివాస హక్కుకి, ఏమైనా ఇబ్బందా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ లెక్క సరిచేసుకో. తలా నాలుగు కాదు, ఇంటికి నాలుగు. 2018 అక్టోబర్ 17న అమల్లోకి వచ్చిన కెనబిస్ యాక్ట్ ప్రకారం ఒక ఇంట్లో పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నా మొక్కలు నాలుగు దాటకూడదు. పన్నెండు వేస్తే అది నేరం, దానికి గరిష్ఠ శిక్ష 14 ఏళ్ల జైలు. నీలాంటి కుర్రాడికి కోర్టు అంత వెయ్యదులే, జరిమానాతో సరిపెట్టొచ్చు కూడా. అసలు చిక్కు కోర్టు బయట మొదలవుతుంది. ఇమిగ్రేషన్ వాళ్లు నీకు ఎంత శిక్ష పడింది అన్నదొక్కటే చూడరు, ఆ సెక్షన్ కింద ఎంతవరకు పడొచ్చు అన్నది కూడా చూస్తారు. గరిష్ఠ శిక్ష పదేళ్లు, ఆపైన ఉన్న నేరంలో దోషివని తేలితే దాన్ని సీరియస్ క్రిమినాలిటీ అంటారు. పీఆర్ చేతికొచ్చినవాళ్లు కూడా ఈ దారిలో దాన్ని పోగొట్టుకోవచ్చు. నువ్వింకా పర్మిట్ మీదున్నవాడివి, నీ విషయంలో అంతకంటే చిన్న నేరమైనా ఫైలు ఆగిపోవచ్చు.

ఇక ఆ విత్తనాలు. విదేశం నుంచి తెప్పించిన గంజాయి విత్తనం కూడా చట్టం దృష్టిలో గంజాయే, దిగుమతి కిందికే వస్తుంది. ఒంటారియోలో విత్తనాలు కావాలంటే ప్రభుత్వం నడిపే ఒంటారియో కెనబిస్ స్టోర్‌లోనో, లైసెన్సున్న షాపులోనో కొనాలి. వయసు 19 నిండాలి. పోస్టు కవరులో వచ్చిన వాటిని ముట్టుకోకు.

సరే, షాపులో కొని నాలుగే వేస్తాను అన్నావనుకో. అప్పుడూ నేను వద్దనే అంటాను. ఎందుకంటే ఆ ఇల్లు నీది కాదు. లీజు కాగితం తీసి చదువు, మొక్కలు పెంచకూడదన్న షరతు చాలావాటిలో ఉంటుంది. కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) అయితే బిల్డింగ్ నియమాల్లో ఉండొచ్చు. లీజులో ఏమీ లేకపోయినా, ఓనరు తన ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పుకోవాల్సిన పరిస్థితి వస్తే ఆయన మీ పక్షాన నిలబడతాడని అనుకోకు. నీకు రేపు ఇంకో ఇల్లు దొరకాలంటే ఆయన ఇచ్చే రిఫరెన్సే ఆధారం.

చలికి తట్టుకుంటుందన్న మాటలో కొంత నిజం ఉంది, కానీ మీ ఫ్రెండ్ సగమే చెప్పాడు. ఇండికా రకాల మూలాలు హిందూకుష్ కొండల వైపువి. అక్కడ వేసవి కురచ కాబట్టి మొక్క పొట్టిగా, గుబురుగా ఉండి త్వరగా పూతకొస్తుంది. లోపల పెంచేవాళ్లు వీటిని ఇష్టపడేది ఆ పొట్టితనం కోసమే, చలి కోసం కాదు. గది 20 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి, 15 దిగితే ఎదుగుదల మందగిస్తుంది. ఇక్కడి బేస్‌మెంట్ సంగతి నీకు తెలుసు కదా, జనవరిలో హీటర్ గాలి మొహానికి కొడుతున్నా కాళ్ల కింద కాంక్రీటు ఐసులా ఉంటుంది. కుండీని నేల మీద పెడితే వేళ్లు చలికి ముడుచుకుపోతాయి. ఇండికా పూత గట్టిగా, దట్టంగా ఉంటుంది, అందులో తేమ చిక్కుకుంటే లోపలి నుంచి బూజు పట్టి కుళ్లిపోతుంది. టెంట్ మూసి ఉంచితే తేమ, తెరిచి ఉంచితే వాసన. ఆ వాసన ఏ కార్బన్ ఫిల్టరూ లేకుండా ఆగదు, మెట్లెక్కి ఓనరు వంటింటి దాకా పోతుంది. పూతకు రోజూ పన్నెండు గంటలు గట్టి వెలుతురు కావాలి, అదీ ఎనిమిది తొమ్మిది వారాలు. ఆ కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తోందో ఒకసారి చూసుకో. తేమ గోడల్లోకి దిగి అక్కడ బూజు పడితే బాగుచేయించే ఖర్చు మీ ముగ్గురి మీద పడొచ్చు.

ఇదంతా చూసి, అయితే గంజాయి నుంచి నూనె తీద్దాం అంటాడేమో మీ ఫ్రెండ్. ఇంట్లో బ్యూటేన్ లాంటి సాల్వెంట్లతో నూనె తీయడం కెనడాలో నిషేధం. నిప్పంటుకుంటుంది. ఆ మాట అక్కడితో ఆపెయ్యి.

కారు విషయం ఎవరూ అడగరు గానీ, కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. జీ2 లైసెన్సు (పూర్తి లైసెన్సుకు ముందు కొత్త డ్రైవర్లకు ఇచ్చేది) మీదున్నవాళ్లకు ఒంటారియోలో జీరో టాలరెన్స్. లాలాజల పరీక్షలో గంజాయి ఆనవాలు కనిపిస్తే లైసెన్సు అక్కడికక్కడే సస్పెండ్ అవుతుంది. అది తప్పించుకున్నా, మత్తులో బండి నడిపిన నేరానికి గరిష్ఠ శిక్షను 2018 డిసెంబర్ 18 నుంచి పదేళ్లకు పెంచారు. పైన చెప్పిన సీరియస్ క్రిమినాలిటీ గీత ఎక్కడుందో గుర్తుందిగా.

ఇప్పుడు సరిహద్దు. మనవాళ్లలో అమెరికాలో అక్కో, బావో లేనివాళ్లు తక్కువ. లాంగ్ వీకెండ్ రాగానే నయాగరా దగ్గర వంతెన దాటేస్తాం. కెనడాలో లీగలైనా, గంజాయి ఏ రూపంలోనూ, మందుగా రాసిచ్చినదైనా సరే, సరిహద్దు దాటకూడదు, అటూ ఇటూ రెండు వైపులా నేరమే. బ్యాగులో ఆకు ముక్క కూడా ఉండకూడదు. అక్కడి ఆఫీసరు గంజాయి గురించి నేరుగా అడగొచ్చు. అబద్ధం చెబితే అదే వేరే నేరం, దాని మచ్చ జీవితాంతం ఉంటుంది. నిజం చెబితే ఏం చేస్తాడన్నది ఆయన చేతుల్లో ఉంటుంది. ఆ ప్రశ్నకు లేదు అని నిజాయితీగా చెప్పగలిగే స్థితిలో ఉండటమే మేలు.

అమెరికాలో ఉన్న బావకి కూడా ఈ సంగతి చేరవెయ్యి. న్యూజెర్సీలో షాపులో కొనుక్కోవచ్చు గానీ ఇంట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే. పెంచుకోనిచ్చే రాష్ట్రాల్లో ఉన్నా హెచ్1బీ, గ్రీన్ కార్డు చూసేది ఫెడరల్ చట్టం, రాష్ట్రానిది కాదు. రాష్ట్రం ఒప్పుకున్న గంజాయి వ్యవహారం కూడా సిటిజన్‌షిప్ దరఖాస్తుకు అడ్డమని 2019 ఏప్రిల్‌లో అక్కడి ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ రాతపూర్వకంగానే చెప్పింది.

కెనడాలోనే క్యూబెక్ వెళ్తే సంగతి వేరు. అక్కడ ఇంట్లో ఒక్క మొక్క కూడా వేయకూడదు. ఆ నిషేధం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2023లో తేల్చేసింది. వయసు కూడా అక్కడ 21.

నీ ప్రశ్నకి సూటిగా చెప్తాను. పీఆర్ వచ్చి, సిటిజన్‌షిప్ ప్రమాణం చేసి, సొంత ఇంటి తాళం చేతికొచ్చాక నాలుగు మొక్కలు వేసుకో, అది నీ ఇష్టం, నేనేమీ అనను. అంతదాకా టెంట్ కొనకు. ఫ్రెండ్ ఇచ్చిన విత్తనాలు ఇప్పటికే ఇంట్లో ఉంటే ఈ రోజే పారెయ్యి, ఎవరికీ పోస్టు చెయ్యకు. మిగతా ఇద్దరూ నీ మాట వినకుండా టెంట్ తెచ్చి పెడితే నువ్వు గది మారిపో. లీజు మీద ముగ్గురి సంతకాలూ ఉంటే పోలీసు వచ్చినరోజు మొక్క ఎవరిదన్న ప్రశ్నకు ముగ్గురూ జవాబు చెప్పాల్సి వస్తుంది. అప్పటికే ఏదైనా నోటీసు వచ్చి ఉంటే క్రిమినల్ లాయర్ ఒక్కడినే కాదు, ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా కలిశాకే నేరం ఒప్పుకోవాలో వద్దో తేల్చుకో. చిన్న జరిమానాతో పోతుంది, ఒప్పేసుకో అని క్రిమినల్ లాయర్ అనొచ్చు. ఆ ఒప్పుకోలు నీ పీఆర్ ఫైలును ఏం చేస్తుందో రెండో లాయరే చెప్పగలడు.