యుద్ధం అనకుండా ‘ఎమర్జెన్సీ’ అన్న దేశం

‘రెండో ప్రపంచ యుద్ధంలో ఏ పక్షమూ చేరని దేశాల జనానికి ఆ యుద్ధం గుర్తుందా? ఉంటే ఎలా గుర్తుంది?’ అని అడిగారు. తటస్థ దేశం అనగానే అందరూ స్విట్జర్లాండ్ గురించే రాస్తారు, చదివి చదివి విసుగొచ్చింది. నేను ఐర్లండ్ గురించి చెబుతాను. డబ్లిన్‌లో మూడేళ్లు ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీద గదిలో అద్దెకున్నాను. ఆవిడ 1932లో పుట్టారు.

దిగిన వారమే, వంటింట్లో సొట్టలు పడ్డ కెటిల్ చూపించి ‘ఇది ఎమర్జెన్సీ నాటిది’ అన్నారు. ఎమర్జెన్సీ అంటే నాకు తెలిసింది 1975. ఈవిడకి మన సంగతులెలా తెలుసా అనుకున్నాను. తర్వాత అర్థమైంది, వాళ్ల దేశంలో ఆ ఆరేళ్ల యుద్ధానికి పేరే అది. 1939 సెప్టెంబరులో పార్లమెంటు అత్యవసర పరిస్థితి ప్రకటించింది, అధికారాల చట్టానికీ అదే పేరు పెట్టారు, జనం నోట కూడా అదే నిలిచిపోయింది.

ఒకరోజు సాయంత్రం నేను టీ పెట్టుకుంటూ గిన్నెలో నాలుగు చెంచాల పొడి వేశాను. ఆవిడ చూసి తట్టుకోలేకపోయారు. అల్మారాలోంచి పాత త్రాసు దించి, ఒక పళ్లెంలో చిన్న ఇత్తడి రాయి పెట్టి, రెండో పళ్లెంలో నా డబ్బాలోంచి పొడి కొంచెం కొంచెంగా వంచారు. ముల్లు మధ్యకి రాగానే ఆపి, ‘అర ఔన్సు. ఒక మనిషికి వారం మొత్తానికి ఇంతే’ అన్నారు. అంటే 14 గ్రాములు. చెంచాతో కొలిచి చూశాను, ఏడు చెంచాలు కూడా నిండలేదు. నాకది రెండు రోజులకు చాలదు. ఐర్లండ్‌కి టీ బ్రిటన్ మీదుగా రావాలి. యుద్ధంలో కలిసి రాని దేశానికి బ్రిటన్ కోత పెట్టింది. వాళ్ల జనానికి వారానికి రెండు ఔన్సులు, వీళ్లకు 1941 కల్లా అర ఔన్సు. ఆవిడ వాళ్లమ్మ వాడిన ఆకునే కిటికీ గట్టు మీద కాగితం పరిచి ఆరబెట్టి, మళ్లీ మరిగించేదట. రెండోసారి రంగు వచ్చేది, మూడోసారి వేడినీళ్లేనట.

గ్యాస్ కథ ఇంకా బాధగా ఉంటుంది. అప్పట్లో వంటగ్యాస్‌ని బొగ్గు నుంచే తయారుచేసేవాళ్లు. ఆ బొగ్గు రాక గ్యాస్‌ని రోజుకి కొన్ని గంటలే వదిలేవాళ్లు. కట్టేశాక కూడా గొట్టాల్లో మిగిలిన గ్యాస్‌తో సన్నని మంట వచ్చేది. దాని మీద పిల్లలకు పాలు వెచ్చబెట్టడం నేరం! పట్టుకోవడానికి ఇల్లిల్లూ తిరిగే ఇన్‌స్పెక్టర్‌ని ‘గ్లిమ్మర్ మ్యాన్’ అనేవాళ్లు. అతను వచ్చి పొయ్యి మీద చెయ్యి పెట్టి వేడిగా ఉందేమో చూసేవాడు. డెబ్భై ఏళ్లు గడిచాక కూడా తలుపు చప్పుడైతే ఈవిడ చూపు ముందు పొయ్యి వైపే వెళ్లేది. ఇది నా కళ్లతో ఎన్నిసార్లు చూశానో.

బాంబులు పడలేదా అంటే పడ్డాయి. 1941 మే 31 తెల్లవారుజామున జర్మన్ విమానం డబ్లిన్ నార్త్ స్ట్రాండ్ మీద బాంబు వేసింది, 28 మంది చనిపోయారు. ఆవిడ ఇల్లు ఆ దగ్గర్లోనే. పొద్దున్నే అమ్మ దుప్పటి దులిపితే గాజుపెంకులు రాలాయని చెప్పారు. అంతే, రెండే మాటలు. టీ గురించి మాత్రం గంటసేపు చెప్పారు. తటస్థ దేశాలన్నిటికీ యుద్ధం ఇలాగే గుర్తుంటుందని నా గట్టి నమ్మకం. గెలిచామని చెప్పుకోవడానికి లేదు, ఓడామని ఏడవడానికీ లేదు. ఇక మిగిలేది వంటిల్లే.

‘హిట్లర్‌తో పోరాడకుండా చేతులు ముడుచుకు కూర్చున్నారు’ అని ఈజీగా తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్వతంత్రం వచ్చి ఇరవయ్యేళ్లు కాలేదు, బ్రిటన్ చేతిలో ఉన్న రేవులు తిరిగొచ్చిందే 1938లో. పైగా వాళ్లు నిజంగా మధ్యలో నిలబడ్డారా? మిత్రపక్షాల విమానాలు తమ దేశపు వాయవ్య మూలనున్న డొనెగాల్ మీదుగా సముద్రంలోకి వెళ్లడానికి దారి వదిలారు. 1944 జూన్‌లో నార్మండీ దాడి ఒకరోజు వాయిదా పడడానికి మేయో తీరంలోని బ్లాక్‌సాడ్ నుంచి వెళ్లిన వాతావరణ రిపోర్టు ఒక కారణం. విమానాలకు కనబడేలా తీరం పొడవునా తెల్ల రాళ్లతో దేశం పేరు పేర్చి, తర్వాత పక్కన నంబర్లు కూడా వేశారు. అమెరికన్ పైలట్లకు అవి దారి చూపించే బోర్డులయ్యాయి. 2018లో బ్రే హెడ్ కొండ మీద పొదలు తగలబడితే, కింద అలాంటి పేరొకటి 8 నంబరుతో సహా బయటపడింది. చూద్దామని ప్రత్యేకంగా మళ్లీ వెళ్లాను. అయితే 1945 మే 2న ప్రధాని డి వలేరా హిట్లర్ మరణానికి సంతాపం చెప్పడానికి జర్మన్ రాయబారి దగ్గరికి వెళ్లడాన్ని మాత్రం నేను ఎన్నటికీ సమర్థించను.

నేను అసలు చెప్పాలనుకున్నది ఆవిడ అన్న గురించి. అతను ఐరిష్ సైన్యం వదిలి సరిహద్దు దాటి, హిట్లర్ మీద పోరాడడానికి బ్రిటిష్ సైన్యంలో చేరాడు. అలా వెళ్లినవాళ్లు దాదాపు 5,000 మంది. యుద్ధం అయ్యాక ఐర్లండ్ ప్రభుత్వం వాళ్లను ఒక్క ఉత్తర్వుతో తన సైన్యంలోంచి తీసేసింది. ఏడేళ్లపాటు ప్రభుత్వ సొమ్ముతో జీతమిచ్చే ఏ ఉద్యోగమూ ఇవ్వకూడదన్నారు. అతను రెండేళ్లు చూసి ఇంగ్లండ్‌లో ఇళ్లు కట్టే పనికి వెళ్లిపోయాడు, అక్కడే పోయాడు. అతని ఫొటో వంటింట్లో కాకుండా ఆవిడ పడకగదిలో, తలుపు వెనక ఉండేది. ఇరుగుపొరుగు ‘పారిపోయినవాడు’ అంటారని వాళ్లమ్మ అక్కడ తగిలించిందట, తర్వాత ఎవరూ కదిలించలేదు.

2013 మే నెలలో వాళ్లందరికీ క్షమాభిక్ష ఇస్తూ చట్టం వచ్చింది. ఆ వార్త మేమిద్దరం వంటింట్లో రేడియోలో విన్నాం. నేను సంతోషంగా ‘మీ అన్నయ్యగారి పేరు మచ్చ లేకుండా అయిందండీ’ అన్నాను. ఆవిడ రేడియో కట్టేసి, పళ్లెం తుడుస్తూ, ‘ఆ ఏడేళ్ల జీతం ఎవరికి ఇస్తారట?’ అని అడిగారు. ఎవరికీ ఇవ్వలేదు.