పెండ్లి కార్డులో 'కీ.శే.' వేయాలా అని అడిగారు

ఉత్తరం రాసింది నల్లగొండలో ఉండే ఒక హైస్కూలు టీచరు గారు. వయసు యాభై నాలుగు. ఆయన ఎనిమిది నెలల పిల్లవాడిగా ఉన్నప్పుడు, 1971 డిసెంబర్ యుద్ధంలో, సిపాయిగా ఉన్న తండ్రి పశ్చిమ సరిహద్దులో కనిపించకుండా పోయాడు. శవం రాలేదు, మనిషీ రాలేదు. తల్లికి ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. హాలియా దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. పుస్తెలు, మెట్టెలు ఇప్పటికీ తీయలేదు. వచ్చే నెల మనవరాలి పెండ్లి. కార్డులో తాత పేరు ముందు 'కీ.శే.' వేయాలా వద్దా, పెండ్లిలో అమ్మను ముత్తయిదువల్లో కూర్చోబెడితే వియ్యాలవారు ఏమనుకుంటారో అని ఆయన టెన్షన్.

మొదటిదానికి జవాబు: వేయకండి. సిపాయి అని వేసి పేరు వేయండి. రెండోదానికి: ఆమె ఎక్కడ కూర్చుంటానంటే అక్కడ కూర్చుంటుంది. ఆ పిల్లను చంకనెత్తుకుని పెంచిన నాయనమ్మ చేతి అక్షింతలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వియ్యాలవారు అడిగితే "మా అమ్మ" అనండి, ఇంకేం చెప్పకండి. ఈ రెండూ ఐదు నిమిషాల్లో తేలే సంగతులు. వీటి కోసం మీరు ఆరు పేజీలు రాయలేదు, మాస్టారూ.

నాలుగో పేజీలో ఒక మాట రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. "ఇంట్లో ఉన్న కొడుకు కంటే రాని మొగుడే ఆమెకు ఎక్కువైండు." మీ అసలు ఉత్తరం అదొక్కటే. మిగతాదంతా దాని మీద కప్పిన దుప్పటి.

దాని కింద ఇంకోటి ఉంది. పెన్షన్ తీసుకునేటప్పుడు భర్త పోయినట్టు, పుస్తెల దగ్గరికి వచ్చేసరికి భర్త ఉన్నట్టు అని మీ చిన్నాయన కొడుకులు ఎగతాళి చేస్తే తల ఎత్తుకోలేకపోయానని రాశారు. ఇక్కడ నాకు కోపం వచ్చింది. వాళ్ల మీద కాదు, మీ మీద. ఆ పెన్షన్ కాగితం మీద ఆమె వేలిముద్ర వేసినప్పుడు మీరు రెండో తరగతి. అంతకుముందు ఏడేళ్లు ఆమె నాట్లకు, కలుపులకు పోయి మిమ్మల్ని సాకిందని మీరే రాశారు. అప్పట్లో అమలులో ఉన్నది 1872 నాటి సాక్ష్య చట్టం. అందులో 108వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లపాటు, సంగతి తెలియాల్సిన వాళ్లెవరికీ మనిషి జాడ తెలియకపోతే చనిపోయినట్టు భావించే వీలుండేది. భావించడం, అంతే. ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా అనేది ఆ సెక్షన్ చెప్పలేదు. చట్టం తన సౌకర్యం కోసం పెట్టుకున్న గడువు అది. మీ పుస్తకాల కోసం, మీ ఫీజు కోసం ఆమె దానికి తల ఊపింది. మనసులో ఒప్పుకోని మాట కింద కొడుకు కోసం వేలిముద్ర వేసిన తల్లిని ఎవరైనా వేలెత్తి చూపితే తల ఎత్తుకోవాల్సింది మీరు. వాళ్లను గడప దాటించి పంపాల్సిందీ మీరే. మీరు దించుకుని వచ్చారు.

ఆమె ఎదురుచూపు పిచ్చి అని మూడుసార్లు రాశారు. ఆ రోజుల్లో ఏం జరిగిందో ఒకసారి చూడండి. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. దాదాపు 93 వేల మంది మన చేతికి చిక్కారు. 1972 జులైలో సిమ్లా ఒప్పందం అయింది. పశ్చిమ సరిహద్దులో పట్టుబడ్డ మనవాళ్లను వాళ్లు 1972 డిసెంబర్‌లో వాఘా దగ్గర అప్పగించారు. అంటే యుద్ధం అయిపోయిన ఏడాదికి కూడా సైనికులు నడిచి ఇంటికి వస్తున్నారు. ఇరవై ఒక్క ఏళ్ల ఆడమనిషి, చంకలో పిల్లవాడితో, ఆ వార్త విని ఏమనుకోవాలి? తరువాత 1979లో, పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని భావిస్తున్న వాళ్ల పేర్లు ప్రభుత్వమే లోక్‌సభ ముందు పెట్టింది. ఆ జాబితా తరువాత పెరిగి '54 మంది' అని పేరుపడింది. 1983లో, మళ్లీ 2007లో కొన్ని కుటుంబాలవాళ్లు అక్కడి జైళ్లు చూసి వచ్చారు. ఎవరూ దొరకలేదు. తమ దగ్గర ఎవరూ లేరనే పాకిస్తాన్ చెబుతూ వచ్చింది. ఇంతమంది చదువుకున్నవాళ్లు, ఆఫీసర్ల భార్యలు, తండ్రులు, తమ్ముళ్లు దశాబ్దాలు తిరిగారు. వాళ్లను ఎవరూ పిచ్చివాళ్లు అనలేదు. అరుగు మీద కూర్చున్న మీ అమ్మ మాత్రం పిచ్చిదైంది.

ఆ 54లో మీ నాన్న పేరు లేదని రాశారు. మంచిది, మీకు తెలుసు. ఆ సంగతి ఆమెకు ఎవరైనా చెప్పారా? మీరు చెప్పారా? రాసిన తీరు చూస్తే చెప్పలేదనే అనిపిస్తోంది. టెలిగ్రాం వచ్చిన రోజు పోస్టుమాన్ చదివి చెప్పిన మాటే ఆమెకు అందిన చివరి కబురు. దాని గురించి ఆమె అనే మాట మీరు విసుక్కుంటూ రాశారు, నేను మాత్రం రెండుసార్లు చదివాను: "దొరుకుతలేడట అన్నడు. సచ్చిపోయిండు అనలే కదరా."

ఆయన తిరిగి వస్తాడని నేను అనడం లేదు. అట్లా అనడం ఆ తల్లికి ద్రోహం. ఆమెకు తెలియదనుకోవడం మాత్రం మీ పొరపాటు. పెత్రమాస (పితృ అమావాస్య) నాడు అత్తామామల పేరు మీద బియ్యం ఇస్తుందనీ, మొగుడి పేరు రాగానే చాట పక్కన పెట్టి లేస్తుందనీ మీరే రాశారు. తెలియని మనిషి అక్కడ లేవదు. ఏ పేరు దగ్గర ఆగాలో ఆమెకు తెలుసు. వియత్నాం యుద్ధంలో కనిపించకుండా పోయిన అమెరికా పైలట్ల కుటుంబాలను పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970లలో దగ్గరగా చూసింది. పోయాడనీ, ఉన్నాడేమోననీ రెండూ ఒకేసారి మోస్తూ బతకడం రోగం కాదు, ఆ పరిస్థితిలో పడ్డ మనిషి ఎవరైనా అట్లాగే ఉంటారని ఆమె చెప్పింది. మన జిల్లాకు ఈ మాట కొత్తగా చెప్పాలా? 1948లో రజాకార్ల నాడు, ఆ తరువాత 1951 దాకా సాయుధ పోరాటం నాడు, రాత్రి ఇల్లు విడిచి మళ్లీ రాని మగవాళ్లు ఎంతమంది! మా అమ్మమ్మ ఊళ్లో అట్లాంటి ఒక ముసలామె ఉండేది. చిన్నప్పుడు మేం ఆమెను చూసి నవ్వేవాళ్లం. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు ముద్ద దిగదు.

సూర్యాపేట సంగతి కూడా పిచ్చి కింద రాశారు. పెండ్లికి పోతూ కర్నల్ సంతోష్ బాబు విగ్రహం దగ్గర ఆటో ఆపించి, చెప్పులు విడిచి, అరగంట నిలబడిందట. మీకు లేటైందట. 2020 జూన్‌లో గల్వాన్‌లో ఆయన పోయినప్పుడు దేహం ఇంటికి వచ్చింది, తరువాత విగ్రహం లేచింది. ఆ కుటుంబం కష్టం తక్కువని కాదు. మోయడానికి వాళ్లకు ఒక పాడె ఉంది, దండ వేయడానికి ఒక చోటు ఉంది. మీ అమ్మకు ఆ రెండూ లేవు. ఇంకొకరి కొడుకు విగ్రహం దగ్గర తన మనిషి కోసం నిలబడింది. మీరు ఆటో దిగారా? ఉత్తరంలో లేదు కాబట్టి దిగలేదనే అనుకుంటున్నాను.

ఇక ఆ నాలుగో పేజీ మాట. ఆమెకు మీకంటే ఆయన ఎక్కువని అనుకున్నారు. చిన్నపిల్లవాడికి అట్లా అనిపించడం సహజం. రాత్రి ఆఖరి బస్సు దాటేదాకా తలుపు గడియ పెట్టని తల్లి పక్కన పడుకున్న పిల్లవాడు, తను ఇంట్లోనే ఉన్నా ఆమె ఇంకెవరి కోసమో చూస్తోందని అనుకుంటాడు. ఆ పిల్లవాడి మీద నాకు జాలి ఉంది. యాభై నాలుగేళ్ల టీచరు మీద అంత లేదు. పట్నం రమ్మంటే "వస్తే ఇల్లు ఎట్ల తెలుస్తది" అని రానన్నదని కోపం తెచ్చుకున్నారు. మట్టి ఇల్లు తీసి స్లాబు వేసినప్పుడు వాకిలి పాత సందు వైపే ఉండాలని పట్టుబట్టిందని కోపం తెచ్చుకున్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా "నాయన ఎట్లా ఉండేవాడు?" అని ఆమెను అడిగారా? ఆరు పేజీల్లో మీ నాన్న ఏ రెజిమెంటో లేదు. నంబరు లేదు. ఎత్తో పొట్టో, చుట్ట తాగేవాడో లేదో, మీరు పుట్టాక సెలవు మీద వచ్చి మిమ్మల్ని ఎత్తుకున్నాడో లేదో, అది కూడా లేదు. ఇవన్నీ తెలిసిన మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే. ఆమెకు మాట్లాడడానికి ఎవరూ లేక పుస్తెలతో, తలుపుతో, పెత్రమాస చాటతో మాట్లాడుతోంది.

పదేళ్లప్పుడు ఆమె సందుగ పెట్టె తెరిస్తే వీపు మీద ఒక్కటేసిందని, అప్పటినుంచి ముట్టలేదని రాశారు. నలభై నాలుగేళ్లుగా ఆ ఒక్క దెబ్బ చాటున దాక్కున్నారు. చెప్పకపోతే పాపం మాస్టారూ, తండ్రి రాని తప్పును మీరు ఆమె మీద వేశారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి ఆయన లేడు, ఆమె ఉంది.

కాగితాల సంగతి చెప్తాను, ఇది సులువు. నల్లగొండలోని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ఆర్మీ నంబరు ఉంటే రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు ఎట్లా రాయాలో చెబుతారు. మద్రాస్ రెజిమెంటు రికార్డులు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళానివి నాసిక్‌లో ఉంటాయి. ఏ యూనిట్, చివరిసారి ఎవరు చూశారు, ఏ తేదీ, ఏ సెక్టార్ అని అడగండి. జవాబు ఒక్క లైను వచ్చినా ఆమెకు చదివి వినిపించండి. ఆ టెలిగ్రాం తరువాత ఎవరూ ఆమెకు ఏదీ చదివి వినిపించలేదు. అట్లాగే, డిసెంబర్ 16న మీ స్కూల్లో విజయ్ దివస్ జరుగుతుంది కదా, ఇన్నేళ్లుగా ముఖ్య అతిథులుగా ఎవరెవరినో పిలిచి ఉంటారు. ఈసారి ఆమెను పిలవండి. ఉపన్యాసం అక్కర్లేదు. పిల్లల ముందు ఆయన పేరు, ఊరు చదివి, ఆమెను ముందు కుర్చీలో కూర్చోబెట్టండి.

పుస్తెలు తీయమని మాత్రం ఎవరూ అనకూడదు. మీ భార్య గానీ, మీ ఆడపిల్లలు గానీ, పెండ్లి చేసే అయ్యగారు గానీ. ఆమె తీస్తే తీస్తుంది, లేకపోతే లేదు. తన కష్టానికి గుర్తు ఏది పెట్టుకోవాలో తేల్చుకునే హక్కు ఆడమనిషికి లేదనే ఇల్లు నా దృష్టిలో ఇల్లే కాదు.

ఈ ఆదివారం ఊరికి పోండి. మీ ఆవిడను, పెండ్లికూతురిని తీసుకుపోవద్దు, మీరొక్కరే పోండి. మధ్యాహ్నమే తిరిగి రావొద్దు. రాత్రి అన్నం తిన్నాక అరుగు మీద ఆమె పక్కన కూర్చోండి. ఆఖరి బస్సు దాటేదాకా లేవొద్దు. తలుపు గడియ పెట్టడానికి ఆమె లేచినప్పుడు అడగండి, "అమ్మా, నాయన నంబరు నీకు యాదికుందా?" అని. ఉంటుంది. సందుగ ఆమెనే తీయనివ్వండి.

కార్డు సోమవారం ప్రెస్సుకు ఇచ్చినా ఆలస్యం కాదు.